గింజ కొరకని కార్తీకం

కోతల రోజుల్లో పాపాయి శెట్టి పళ్ల మధ్య రోజుకి నూరు వడ్లగింజలైనా విరుగుతాయి. కళ్ళంలో అడుగు పెట్టగానే ఆయన రైతుని పలకరించడు. రాశి పైనుంచి ఒక గింజ, నడుమ చెయ్యి దూర్చి ఒకటి, అడుగునుంచి ఒకటి తీసి, ఒక్కొక్కటే ఎడమవైపు పళ్ల మధ్య పెట్టి కొరుకుతాడు. ఎండిన గింజ టక్కున రెండవుతుంది. తేమ ఉన్న గింజ చప్పుడు చెయ్యకుండా నలుగుతుంది. ఆ తరవాతే ఆయన రైతు మొహం చూసి, బాగున్నారా అని అడుగుతాడు. ఆయన మాట మీద రాజమండ్రి నుంచి కూడా లారీలు వస్తాయి. ధాన్యం బ్రోకరుగా ఆయన ముప్పై ఏళ్లు బతికింది ఆ చప్పుడు మీదే.

ఆత్రేయపురానికి దిగువన, గోదావరి గట్టు మీది ఊరు ఆయనది. తండ్రి కిరాణా కొట్టు నడిపాడు. ఆలస్యంగా పుట్టిన పిల్లాడు కావడంతో ఇంట్లో పాపాయి అన్నారు, అదే ఉండిపోయింది. బడిలో రాసిన పేరు ఇంకోటి ఉంది గానీ ఆయన్ని హఠాత్తుగా అడిగితే చెప్పలేడు. మనిషి భారీ మనిషి. పెళ్లిళ్లలో వడ్డించేవాళ్లు ఆయన ఏ వరసలో కూర్చున్నాడో ముందు కనుక్కుని, ఆ వరసకి గారెల గంప రెండోది సిద్ధం చేసుకునేవారు. పూతరేకులు మాత్రం ఆయన నమలడు. నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. అది కరిగేదాకా ఎవరు పిలిచినా పలకడు.

రెండువేల రెండులో కార్తీకమూ, రంజాన్ నెలా ఇంచుమించు కలిసి వచ్చాయి. కోతలూ అప్పుడే. ఒక సాయంత్రం పాపాయి ఎదుటి ఒడ్డున ఉన్న సరుగుళ్ల లంక నుంచి పడవలో తిరిగొస్తున్నాడు. పక్కన మిల్లు యజమాని ఆంజనేయరాజు. భీమవరం వైపునుంచి వచ్చి ఈ ఊళ్లో మిల్లు పెట్టిన మనిషి. లంకలో కొబ్బరితోట బేరానికి పాపాయిని వెంట తీసుకెళ్లాడు. బేరం కుదరలేదు. ఇద్దరికీ ఆకలిగా ఉంది. చేగోడీల పొట్లం మాత్రం పాపాయి చేతిలో ఉంది.

పడవ నడిపే మీరావలి వెనక నిలబడి గెడ వేస్తున్నాడు. పాపాయి పొట్లం అటు చాపాడు.

"తీసుకో మీరావలీ."

"ఒక్కపొద్దండి. రంజాన్ నెల కదండీ."

"పోనీ మంచినీళ్లు తాగు."

"గుటక కూడా ఉండదండి, పొద్దుగూకేదాకా."

"మరి గెడ ఎలా వేస్తున్నావయ్యా?"

"కడుపుతో కాదు కదండీ వేసేది."

రాజు నవ్వాడు. నవ్వుతూనే కాళ్లు పైకి లాక్కున్నాడు, చెప్పుల్లోకి నీళ్లొచ్చాయి. పలకల సందుల్లోంచి నీళ్లు రావడం ఆ పడవకి కొత్త కాదు. అందరికంటే ముందు కూర్చున్న ముసలామె చిట్టెమ్మ డాల్డా డబ్బాతో తోడి పోస్తోంది.

"రాజుగారూ, కాళ్లు అలాగే పైన ఉంచుకోండి బాబూ. ఈ పడవ మనల్ని మొయ్యట్లేదు, మనమే దీన్ని మోత్తన్నాం" అంది.

అది వేళాకోళం కాదు. ఆ వర్షాకాలంలో బడిపిల్లలతో వస్తూ ఆ పడవ రేవు దగ్గర ములిగింది. నడుంలోతు నీళ్లే కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు, పుస్తకాల సంచులు మాత్రం అంతర్వేది దారి పట్టాయి. మర్నాటినుంచి లంకలో తల్లులు ఆడపిల్లల్ని బడి మాన్పించారు. చిట్టెమ్మ మనవరాలు మంజూష పదో తరగతి. మార్చిలో పరీక్షలు. లంకకి పడవ కావాలని చిట్టెమ్మ అడగని మనిషి లేడు. ఆ సాయంత్రం రాజుని అడగడం అది ఎన్నోసారో.

రాజుకి వేళాకోళం ముదిరింది.

"సరేనండి, చేయిస్తాను. మన శెట్టిగారు ఈ నెల ఆఖరిదాకా మీరావలిలాగా ఉపవాసం ఉండాలి. ఉంటే కొత్త పడవ నాది. ఓడిపోతే మిల్లు జనానికంతటికీ శెట్టిగారు భోజనాలు పెట్టాలి. ఆకు నిండాలండోయ్."

పడవలో అందరూ నవ్వారు. మీరావలి గెడ ఆపి మరీ నవ్వాడు. పాపాయి నోట్లో ఉన్న చేగోడీ నమిలి మింగి, పొట్లం మడిచి చిట్టెమ్మ ఒళ్లో పెట్టాడు.

"ఆయ్. రేపట్నుంచి."

"గారెలు ఎదురుగా పెట్టినా?"

"పెట్టినా."

"గుటక దిగకూడదు మరి."

"దిగదండి."

మర్నాడు మిల్లులో హమాలీల దగ్గర్నుంచి గుమస్తా దాకా పందేలు కాశారు. ఆయన వారం దాటతాడన్న మనిషి ఒక్కడూ లేడు.

ఇంట్లో సంపూర్ణమ్మ సంగతి విని, పొయ్యి మీద పాలు పొంగుతున్నా చూడలేదు.

"కార్తీక సోమవారం ఒక్కటి ఉండండి అంటే ముప్పై ఏళ్లలో ఉండలేదు. సాయిబుల ఒక్కపొద్దులు నెలంతా ఉంటారా?"

"నీ సోమవారాలకి పడవ ఎవరిస్తారే?"

అయినా ఆమె తెల్లారకట్ల లేచి పెరుగన్నం కలిపి పెట్టింది. మీరావలి ఎన్నింటికి తినడం ఆపుతాడో రేవుకి కబురంపి కనుక్కుంది. ఒకసారి ఒప్పుకున్నాక ఆ పని సరిగ్గా జరగాలని ఆమె పట్టుదల.

మొదటి రోజుల్లో పాపాయికి లోకమంతా వంటిల్లులా కనిపించింది. గట్టు మీద పొగమంచు ఇడ్లీ రేకుల మూత తీసినట్టు లేచేది. వరికుప్పలు లడ్డూలు పేర్చిన పళ్ళేల్లా ఉండేవి. మధ్యాహ్నం సైకిలు మీద వస్తూ కాలవలో నీళ్లు చూసేవాడు. అవి ఆయనకి చెందని నీళ్లు. అలా చూస్తూ చూస్తూ వంతెన దగ్గర దిగిపోయి, ఎందుకు దిగాడో మరిచి నిలబడేవాడు. ఎదురైన వాళ్లు "ఏంటి శెట్టిగారూ, ఇంకా ఉన్నారా?" అని అడిగేవారు. ఉపవాసం గురించి అడిగారో, ప్రాణం గురించి అడిగారో ఆయన పట్టించుకోలేదు.

రెండో వారానికి ఆకలి వెళ్లిపోయి ఇంకేదో వచ్చింది. ఒళ్లు తేలికైంది. నడుస్తుంటే తన నీడ తనకంటే ఒక అడుగు ముందు కదులుతున్నట్టు, తను దాన్ని తొందరేమీ లేకుండా వెంబడిస్తున్నట్టు అనిపించేది. చప్పుళ్లు దగ్గరికొచ్చాయి. గడ్డివాములో ఎలుక, కొబ్బరాకు మీదినుంచి మంచు బొట్టు, దూరాన ఎవరో చేద బావిలో వెయ్యడం. పగలు పగలులా కాక, నిద్రకి ముందు వచ్చే ఆ కాసేపులా ఉండేది.

అయితే కళ్ళంలో మాత్రం మొదటి రోజే చిక్కొచ్చింది. గింజ కొరకందే ఆయనకి పని జరగదు. కొరికితే పందెం పోతుందని భయం. మొదటి రెండు రోజులూ అరచేతిలో నలిపి, నేల మీద వేసి మడమతో నొక్కి చూశాడు. లాభం లేకపోయింది. మూడో రోజు ఒక రైతు విసుక్కుని, "మీరు కొరకరు, బేరం చెప్పరు, పోనీ నేను కొరకనా?" అన్నాడు.

"కొరకండి" అన్నాడు పాపాయి. అంటూనే వంగి, ఆ రైతు దవడకి చెవి ఆనించాడు.

టక్కుమంది.

"ఇంకోటి. అడుగునుంచి."

ఇంకో టక్కు. ఇది కొంచెం మెత్తన.

"అడుగున తేమ ఉందండి. ఇంకో ఎండ పడనివ్వండి" అన్నాడు పాపాయి, తలెత్తి.

ఆ మాట ఊళ్లన్నీ పాకింది. పొగమంచు విడవని కళ్ళాల్లో, అంత మనిషి నడుం వంచి, కళ్లు మూసుకుని, రైతు బుగ్గ దగ్గర చెవి పెట్టి నిలబడడం చూడ్డానికి పక్క కళ్ళాలవాళ్లు వచ్చేవారు. "జాగ్రత్త శెట్టిగారూ, గింజనుకుని చెవి కొరుకుతాడు" అనేవారు. "వాడి పళ్లు పుచ్చిపోయాయండి, ఆ చప్పుడు నమ్మకండి" అనేవారు. ఆ నెల రైతులు తమ ధాన్యం ఎంత ఎండిందో తమ పళ్లతోనే తెలుసుకోవలసి వచ్చింది. తడి ఉందని పాపాయి అంటే ఎవరూ వాదించలేదు, తమ నోట్లోనే గింజ ఇంకా ఉంది కదా.

సోమవారాలు సంపూర్ణమ్మకీ ఉపవాసమే. ఒక సోమవారం సాయంత్రం మసీదునుంచి అజా వినగానే ఆయన అరుగు మీద మంచినీళ్ల గ్లాసు ఎత్తాడు. ఆమె పెరట్లో నిలబడి ఆకాశం చూస్తోంది. చుక్క కనబడితే గానీ ఆమె తినదు.

"నీకింకా రాలేదా?"

"మబ్బుగా ఉంది."

ఆయన నీళ్లు తాగి, గ్లాసు పక్కన పెట్టి, తనూ పెరట్లోకి వెళ్లి నిలబడ్డాడు. తులసికోట దగ్గర దీపం సన్నగా ఉంది. ఇద్దరూ చాలాసేపు పైకి చూశారు. మబ్బు కదిలి ఎక్కడో ఒకటి మెరిసింది. "అదే" అంది ఆమె. "అది విమానమే" అన్నాడు ఆయన. అది కదల్లేదు, చుక్కే. తిన్నారు.

నెల చివరికొచ్చింది. ఒక మధ్యాహ్నం ఆకాశం తూర్పున నల్లబడింది. లంకనుంచి చిట్టెమ్మ కబురంపింది, ధాన్యం చూసి వెళ్లమని. ఆమె కౌలుకి చేసేది అరెకరమే. లంకలో వరి వేసేది ఆ చివర కొద్దిమందే. పాపాయి వెళ్లేసరికి చుట్టుపక్కల ఎవరూ లేరు. అందరూ తమ రాశుల మీద గడ్డి కప్పుకుంటున్నారు. గాలి చల్లగా, తడిగా ఉంది. చిట్టెమ్మ రాశి పక్కన గోనెసంచులు పరుచుకుని కూర్చుంది.

"ఒక గింజ కొరుకు చిట్టెమ్మా."

"నాకు పళ్లెక్కడివి శెట్టిగారూ?" అని నోరు తెరిచి చూపించింది.

పాపాయి నవ్వి, రాశిలో చెయ్యి దూర్చాడు. అప్పటికి ఆయనకి రాత్రికీ పగటికీ మధ్య గోడ పల్చబడి ఉంది. లంకంతా నీళ్ల మీద మెల్లగా దిగువకి కదులుతున్నట్టుంది. సరుగుడు చెట్ల చప్పుడు వర్షంలా ఉంది, వర్షం ఇంకా రాలేదు. వేళ్లు గింజని పట్టుకున్నాయి. ముప్పై ఏళ్లుగా ఆ వేళ్లు ఎక్కడికి వెళతాయో అక్కడికే వెళ్లాయి. టక్కుమంది. కొత్త బియ్యం తీపి నాలుక మీద పరుచుకుంది. ఆయన దాన్ని మింగాడు. ఎండింది, మంచి గింజ, అనుకున్నాడు.

అనుకున్నాక నిలబడిపోయాడు.

చిట్టెమ్మ ఆయన గొంతు కదలడం చూసింది. కొంగు మొహం మీదికి లాక్కుని అటు తిరిగింది.

"నేనేమీ చూళ్లేదు బాబూ" అంది.

మొదటి చినుకు పడింది. రాశి అడుగున ఎలా ఉందో ఇంకా తేలలేదు. అడుగు తడి ఉంటే ఇప్పుడు సంచులకెత్తినా కుళ్లిపోతుంది. పొడిగా ఉంటే ఇప్పుడే ఎత్తాలి. పాపాయి అడుగునుంచి ఇంకో గింజ తీశాడు. ఈసారి తెలిసే కొరికాడు. టక్కుమంది. ముక్కలు రెండూ పక్కకి ఊసేసి, "ఎత్తు" అన్నాడు. ఇద్దరూ కలిసి సంచులు నింపారు. వాన పెద్దదయ్యేలోపు సంచులు పాకలోకి చేరాయి.

పడవలో మీరావలీ, తనూ ఇద్దరే. వాన గోదావరి మీద చిల్లులు పొడుస్తోంది. పాపాయి ఆ చిల్లుల్ని చూస్తూ అడిగాడు.

"మీరావలీ, మరిచిపోయి తింటే ఏమవుతుంది?"

"అది దేవుడు పెట్టిందేనండి. గుర్తురాగానే ఆపెయ్యాలి. ఒక్కపొద్దు ఉన్నట్టే."

"గుర్తుండి కొరికి, ఊసేస్తే?"

"అవసరం పడితే వంటచేసే ఆడవాళ్లు ఉప్పు చూస్తారండి. మింగకపోతే పోదండి." మీరావలి గెడ దించి, ఆగాడు. "తిన్నారా ఏంటి?"

"ఒకటి మరిచిపోయి మింగాను. ఒకటి తెలిసి ఊసేశాను."

"అయితే మీ ఒక్కపొద్దు ఉందండి" అన్నాడు మీరావలి, గెడ మళ్లీ వేస్తూ. తరవాత, "రాజుగారికి చెప్పక్కర్లేదండి" అన్నాడు. "ఆయన పడవ చేయించగలరు. చిట్టెమ్మ నోరు విప్పదు."

పాపాయి ఒడ్డు దిగి, ఇంటికి వెళ్లకుండా తడిబట్టలతోనే మిల్లుకి వెళ్లాడు. పొట్టు దుమ్ములో పదిమంది ఉన్నారు. అందరి ముందూ చెప్పాడు, రెండు గింజల సంగతీ.

ఆ సాయంత్రం మిల్లులో పని జరగలేదు. మరిచిపోయి తిన్నది తిండి కాదని కొందరు, గింజ తిండేనా అని కొందరు, గింజ తిండి కాకపోతే మనమంతా ఏం చేస్తున్నామని గుమస్తా. మీరావలిని రేవునుంచి పిలిపించారు. అతను పడవలో చెప్పిందే చెప్పాడు, ఒక్కపొద్దు నిలిచిందని. రాజు అంతా విని, కుర్చీలో వెనక్కి వాలాడు.

"దేవుడి దగ్గర మీకు నిలిచింది శెట్టిగారూ. కాదనను. నా పందెం మాత్రం గుటక మీదండి. దిగిందా లేదా?"

"దిగిందండి."

"మరింకేం?"

"ఇంకేం లేదండి" అన్నాడు పాపాయి.

ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. సంపూర్ణమ్మ తువ్వాలు ఇచ్చి, సంగతంతా విని, లంక పిల్ల బడి మాటేమిటని అడిగింది. ఆయన తల తుడుచుకుంటున్నాడు. ఆమె వాకిట్లో వాన చూస్తూ, నిదానంగా అంది.

"భోజనాలే కదా. పెడదాం. ఈ ఆదివారం వనభోజనాల్లా, గట్టు కింద తోటలో. మిల్లువాళ్లనే ఎందుకు, మీకు తెలిసిన మిల్లర్లని, బ్రోకర్లని, ఎరువుల కొట్లవాళ్లని అందర్నీ పిలవండి. వాకిట్లో చదివింపుల బల్ల వేయిద్దాం. మన జనం ఆకు ముందు కూర్చుని చదివించకుండా ఎప్పుడైనా లేచారా?"

పాపాయి తువ్వాలు దించి ఆమెని చూశాడు.

"వనభోజనాలకి చదివింపులు ఎక్కడైనా ఉన్నాయా?"

"ఉపవాసానికి పడవ ఎక్కడైనా ఉందా?"

ఆదివారం తోటలో ఉసిరిచెట్టు కింద దీపం పెట్టి, బంతులు వేశారు. గారెలు, బొబ్బట్లు, పనసపొట్టు కూర, పులిహోర. తోట గుమ్మంలో బల్ల, బల్ల మీద మైకు, దాని వెనక మిల్లు గుమస్తా. వచ్చినవాళ్లు బల్ల చూసి ఒక్క క్షణం ఆగారు. అప్పటికే చెప్పులు విడిచేశారు, వాసన వచ్చేసింది. సంపూర్ణమ్మ ముందే వడ్రంగిని అడిగి పెట్టుకుంది, పడవకి ఏమేం కావాలో. అందుకని గుమస్తా రూపాయలు చదవలేదు, ఆ సొమ్ముకి పడవలో ఏమొస్తుందో అది చదివాడు.

"ఎరువుల కొట్టు చంద్రరావుగారు, లంక పడవకి, ఒక పలక!"

"హమాలీలందరూ కలిసి, లంక పడవకి, మేకులు!"

"రాజమండ్రి మిల్లరుగారు, లంక పడవకి, మూడు పలకలు!"

మైకు నది మీదుగా లంక దాకా వినిపించింది. అవతలి ఒడ్డున జనం పోగై నిలబడ్డారు. ఎండ మెత్తగా ఉంది. ఒక్కో పేరుకీ ఒక్కో పలక గాల్లోంచి వచ్చి నీళ్ల మీద వాలుతున్నట్టుంది. అక్కడింకా పడవ లేదు, పేర్లే ఉన్నాయి.

ఆంజనేయరాజు ఆలస్యంగా వచ్చాడు. బల్ల దాటి నేరుగా బంతిలో కూర్చున్నాడు. ఆయన ఆకులో గారెలు వడ్డించింది పాపాయే. పెదాలు ఎండి తెల్లగా ఉన్నాయి, చొక్కా వదులైంది, చేతిలో గారెల గంప. రాజు ఒకటి తిని తలెత్తాడు.

"మీరూ కూర్చోండి శెట్టిగారూ. పందెం అయిపోయిందిగా."

"పందెం అయిందండి. నాదింకా అవలేదు. నెలాఖరుదాకా అన్నాను కదండీ." గంప ముందుకి వంచాడు. "ఇంకో రెండు వెయ్యనా?"

"ఎవరికోసమండి ఇంకా?"

"ఏమోనండి. మొదలెట్టాను" అన్నాడు పాపాయి, పక్క ఆకుకి వెళుతూ.

మైకు మళ్లీ అంది, రాజమండ్రి మిల్లరుగారు మరో రెండు పలకలు అని. పక్క ఆకు మనిషి రాజు వైపు చూశాడు. రాజు ఆకులోని బొబ్బట్టు పూర్తిచేసి, చెయ్యి కడుక్కుని, బల్ల దగ్గరికి వెళ్లి గుమస్తా చెవిలో ఏదో చెప్పాడు. గుమస్తా గొంతు సవరించుకున్నాడు.

"ఆంజనేయరాజుగారు, లంక పడవకి, అడుగు పలకలన్నీ!"

అవతలి ఒడ్డున ఎవరో ఈల వేశారు.

"పందెం గెలిచినవాడికి ఖర్చు రావడం ఇక్కడే చూశానండి" అంటూ రాజు చెప్పులు వెతుక్కున్నాడు.

సాయంత్రానికి తోట ఖాళీ అయింది. అజా వినబడ్డాక మీరావలి ఖర్జూరం ఒకటి పాపాయి చేతిలో పెట్టాడు. ఇద్దరూ ఒడ్డున కూర్చుని నీళ్లు తాగారు. సంపూర్ణమ్మ ఆకు వేసి మిగిలిన గారెలన్నీ తెచ్చిపెట్టింది. ఆయన నాలుగు తిని చాలన్నాడు. ఆమె ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

పడవ మాఘమాసంలో రేవుకి దిగింది. ఇంజనుకి డబ్బు చాలలేదు, మీరావలి గెడే వేస్తున్నాడు. మొదటి రోజు లంకనుంచి బడికి దాటిన పిల్లలు పదిహేడుమంది. అందులో ఆడపిల్లలు పదకొండుమంది.